తనకు తానే నడిచే జనరేటర్ సర్క్యూట్: ఇంట్లో కట్టి, కొలిచి చూసుకోవడం ఎలా

వారానికి ఒకరైనా ఫోను పట్టుకుని మా షాపు మెట్లెక్కుతారు. ఈ మధ్య వచ్చినాయన పాకాల వైపు రైతు. వేరుశనగ వేస్తారు, 5 హెచ్‌పీ బోరు ఉంది. ఒకసారి తిప్పితే చాలు, తనకు తానే కరెంటు పుట్టించుకుని ఆగకుండా నడిచే జనరేటర్ అంటూ ఉన్న వీడియో పెట్టి ఫోను నా చేతికిచ్చి, "అన్నా, ఇది ఆడతాదా లేదా, ఒక్క మాట చెప్పు. ఆడతాదంటే మా బోరుకు పెట్టించుకుంటా" అన్నారు. వీడియోలో ఒక అర హెచ్‌పీ మోటారు, దానికి బెల్టు, బెల్టు అవతల బరువైన ఇనుప చక్రం, చక్రానికి కారు ఆల్టర్నేటర్, అంటే తిప్పితే కరెంటు పుట్టించేది. ప్లగ్గు పీకేశాక కూడా హెడ్‌లైటు బల్బు వెలుగుతూనే ఉంది. వీడియో మొత్తం 38 సెకన్లు.

ఆ 38 సెకన్ల దగ్గరే ఉంది కిటుకు. 20 కిలోల చక్రం, 40 సెంటీమీటర్ల వెడల్పు, నిమిషానికి 1440 చుట్లు అనుకుందాం. ఆ చక్రంలో అప్పటికే దాదాపు 4,500 జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది (ఒక వాటు బల్బు ఒక సెకనులో తినేది ఒక జౌల్). ఆల్టర్నేటర్ దగ్గర నలభై శాతం పోయిందనుకున్నా, 60 వాట్ల హెడ్‌లైటు ముప్పావు నిమిషం వెలగడానికి అది చాలు. వీడియో తీసినవాడు ముప్పావు నిమిషం లోపే కెమెరా ఆపేశాడు.

ఆయనకు "ఆడదు" అనే చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. అయితే నా మాట మీద నమ్మకం పెట్టుకోవాల్సిన పని లేదు. కొద్దిపాటి సామానుతో, ఒక ఆదివారం పూట మీరే కట్టి కొలుచుకోవచ్చు. సర్క్యూట్ కట్టడం తేలిక. కొలవడం దగ్గరే అందరూ పొరపాటు పడతారు. అందుకని ఇక్కడ కట్టడం గురించి తక్కువ, కొలవడం గురించి ఎక్కువ చెబుతాను.

మోటారు, ఆల్టర్నేటర్ జోలికి ఇప్పుడు పోవద్దు. వాటిలో చక్రం బరువు, బెల్టు జారడం, బేరింగు రాపిడి అన్నీ కలిసిపోయి ఏది ఎక్కడ పోతోందో తెలియదు. మోటారు 80 శాతం, ఆల్టర్నేటర్ 60 శాతం పనిచేస్తే రెండూ కలిపి 48 శాతం. నూటికి 48 తిరిగొచ్చే యంత్రం మిగతా 52 ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందన్నదే అసలు ప్రశ్న. అదే ప్రశ్నను అరచేతిలో పట్టేంత సర్క్యూట్ మీద అడుగుదాం.

కావలసినవి

- ఫెర్రైట్ రింగు ఒకటి, 20 నుంచి 25 మిల్లీమీటర్ల వెడల్పుది. పాడైపోయిన కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే దానికి కరెంటు ఇచ్చే డబ్బాలో దొరుకుతుంది. టీవీ రిపేరు షాపులో అడిగితే చెత్తబుట్టలోంచి తీసిస్తారు. పసుపు, తెలుపు రంగు పూసిన రింగు వద్దు, అది ఇనుప పొడి రకం, దీనికి సరిగా పనికిరాదు. ఆకుపచ్చదో నల్లదో తీసుకోండి.
- కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇచ్చే లాన్ కేబుల్ ఒకటిన్నర మీటరు. లోపల జతలు జతలుగా మెలిపెట్టిన తీగలుంటాయి.
- బీడీ 139 ట్రాన్సిస్టర్. రెండు తీసుకోండి, ఒకటి కాలినా పని ఆగదు.
- 1 కిలో ఓమ్ రెసిస్టర్.
- 10 ఓమ్‌ల తెల్ల సిమెంటు రెసిస్టర్, 5 వాట్లది.
- 1ఎన్ 5819 డయోడ్లు రెండు. షాపువాళ్లు "అదీ ఇదీ ఒకటే" అని 1ఎన్ 4007 చేతిలో పెడతారు. ఒకటి కాదు, ఎందుకో కింద చెబుతాను.
- 2.7 వోల్టుల, 10 ఫారడ్ల సూపర్ కెపాసిటర్లు (చిన్న బ్యాటరీలా కరెంటు నిలవ ఉంచుకునేవి) రెండు. ఒకే కంపెనీవి, ఒకే పూట కొన్నవి అయితే మేలు. గుండ్రటి గొట్టంలాంటివి కొనండి. నాణెంలా బల్లపరుపుగా ఉండే 5.5 వోల్టుల రకం వద్దు, దాని లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ.
- తెల్ల ఎల్‌ఈడీ ఒకటి, పెన్సిల్ సెల్లులు రెండు, బ్రెడ్‌బోర్డు, డిజిటల్ మల్టీమీటరు.
- మల్టీమీటరుకు కొత్త 9 వోల్టుల బ్యాటరీ. ఇది మర్చిపోకండి.

జాబితాలో 12 వోల్టుల బ్యాటరీ లేదేమిటని అడుగుతారు. కావాలనే పెట్టలేదు. బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి, తిరుపతి దగ్గర, మనకు పక్కనే ఉంది కాబట్టి బ్యాటరీ మీద నాకేం కోపం లేదు. కానీ ఈ పరీక్షకు అది పనికిరాదు. స్కూటర్లలో, చిన్న యూపీఎస్‌లలో పెట్టే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. ఒక వాటు తినే సర్క్యూట్‌ను దానికి తగిలిస్తే మూడున్నర రోజులు నడుస్తుంది. "మూడు రోజులుగా ఆగకుండా నడుస్తోంది, ఇంకా 12 వోల్టులు చూపిస్తోంది" అని సంబరపడేవాళ్లు చూస్తున్నది ఆ 84 వాట్ అవర్లనే. పైగా లోడు తీసేసి కాసేపు వదిలితే బ్యాటరీ వోల్టేజి తనంతట తానే పైకి లేస్తుంది. 12.2 కాస్తా 12.4 అవుతుంది. చార్జి ఎక్కిందనుకుంటారు. ఎక్కలేదు, బ్యాటరీ కాస్త ఊపిరి తీసుకుందంతే.

కెపాసిటర్ అట్లా దాచిపెట్టదు. అందులో ఎంత ఉందో వోల్టేజి చూసి లెక్కకట్టొచ్చు. 10 ఫారడ్ల దానికైతే వోల్టేజిని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 5తో గుణిస్తే జౌళ్లు వస్తాయి. 2.50 వోల్టులుంటే 31.2 జౌళ్లు. ఈ వ్యాసంలో థియరీ ఇంతే.

ముందుగా జాగ్రత్తలు

సూపర్ కెపాసిటర్ షాకు కొట్టదు, కానీ రెండు కాళ్లూ కలిస్తే నిప్పురవ్వ వస్తుంది, సన్న తీగ అయితే కాగి చేతి వేలికి అంటుకుంటుంది. 2.7 వోల్టులు దాటించొద్దు. ప్లస్సు మైనస్సు తారుమారు చేయొద్దు. ఫోన్ చార్జరు 5 వోల్టులను నేరుగా ఇచ్చారంటే ఉబ్బి కారిపోతుంది.

ఇంకోటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఇన్వర్టరు అవుట్‌పుట్ ప్లగ్గు తీసుకెళ్లి అదే బ్యాటరీ చార్జరులో పెట్టే ప్రయోగం వీడియోల్లో కనిపిస్తుంది. చేయకండి. 230 వోల్టులకు అది ప్రయోగమని తెలియదు. ఇంట్లో కట్టిన ఏ జనరేటర్నీ ఇంటి బోర్డుకు వెనక నుంచి కలపకండి. కరెంటు పోయిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి మీ కరెంటు తగులుతుంది.

1. కాయిల్ చుట్టడం

లాన్ కేబుల్లోంచి ఒక జత లాగండి. ఒక తీగ నిండు రంగుది, రెండోది అదే రంగు చారలది. మెలి విప్పకుండానే రెండింటినీ కలిపి రింగుకు 15 నుంచి 20 చుట్లు చుట్టండి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినా ఫర్వాలేదు. దండలో పూలు పేర్చినట్టు ఉండాలని గంటసేపు కూర్చోవద్దు.

మొదలుపెట్టిన వైపు రెండు కొసలకు చిన్న ముడి వేయండి. ఆ వైపును "మొదలు" అందాం, అవతలి వైపు "చివర". ఈ ముడి వేయకపోతే రెండో మెట్టులో నెత్తి పట్టుకుంటారు.

2. సర్క్యూట్ కలపడం

నిండు రంగు తీగ చివరను, చారల తీగ మొదలును కలపండి. ఆ కలిపిన చోటు ప్లస్సుకు. నిండు రంగు తీగ మొదలు, 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా, ట్రాన్సిస్టర్ బేస్‌కు. చారల తీగ చివర కలెక్టర్‌కు. ఎమిటర్ మైనస్సుకు. బీడీ 139 అక్షరాలున్న ముఖం మీ వైపు పెట్టుకుంటే ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్.

పరీక్షకు ఎల్‌ఈడీ పొడవు కాలు కలెక్టర్‌కు, పొట్టి కాలు ఎమిటర్‌కు పెట్టి, ఒకే ఒక పెన్సిల్ సెల్లు ఇవ్వండి. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే మామూలుగా 3 వోల్టులు కావాలి. ఇది 1.5తోనే వెలుగుతుంది. గడియారంలోంచి తీసి పారేసిన సెల్లుతోనూ వెలుగుతుంది. అందుకే దీనికి జౌల్ థీఫ్, అంటే జౌళ్ల దొంగ, అని పేరు. మా ఇంట్లో రిమోట్లకు పనికిరాని సెల్లులన్నీ ఒక డబ్బాలో వేసి, కరెంటు పోయిన రాత్రి దీనికే వాడతాం.

వెలగలేదా? పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు కాయిల్ దగ్గరే. రెండు "మొదళ్లు" కలిపి ఉంటారు. నిండు రంగు తీగ కొసలు రెండూ అటుదిటు మార్చండి. అప్పటికీ వెలగకపోతే ట్రాన్సిస్టర్ తిరగేసి గుచ్చారేమో చూడండి. పాత ఏఎమ్ రేడియో ఉంటే పక్కన పెట్టి ట్యూన్ చేయండి, సర్క్యూట్ ఆడుతుంటే గుర్రుమనే చప్పుడో ఈలో వినిపిస్తుంది. ఫోన్లో ఎఫ్ఎమ్‌తో అది కుదరదు.

3. రెండు కెపాసిటర్ల మధ్య కట్టడం

ఇప్పుడు సర్క్యూట్ ఒక కెపాసిటర్‌లోని శక్తిని ఇంకోదాంట్లోకి పంపుతుంది, ఎంత బయల్దేరి ఎంత చేరిందో కొలుస్తాం. ఎల్‌ఈడీ, సెల్లు తీసేయండి. కెపాసిటర్లకు స్కెచ్‌తో 1, 2 అని రాసుకోండి. రెండింటి మైనస్సులూ ఎమిటర్‌కు. 1వ దాని ప్లస్సు సెల్లు ప్లస్సు ఉండిన చోట, కానీ ఆ తీగ ఇప్పుడే గుచ్చకండి, అదే మన స్విచ్చి. కలెక్టర్ నుంచి 1ఎన్ 5819 గుండా 2వ దాని ప్లస్సుకు, డయోడ్ మీద గీత ఉన్న వైపు కెపాసిటర్ దిక్కుగా.

ఎప్పుడూ 2వ కెపాసిటర్ పెట్టాకే 1వది కలపాలి. అవుట్‌పుట్‌కు ఏమీ లేకుండా నడిపితే కలెక్టర్ దగ్గర వోల్టేజి పదుల్లోకి ఎగిరి ట్రాన్సిస్టర్ పోవచ్చు.

ఆ ఎగిరే వోల్టేజి చూసి మోసపోయినవాళ్లు చాలామంది. స్క్రూడ్రైవర్ టెస్టర్లోని చిన్న నియాన్ బల్బు ఇలాంటి కాయిల్ కొసలకు పెడితే ఎర్రగా వెలగొచ్చు. "ఒకటిన్నర వోల్టు పెడితే ఎనభై వోల్టులు వచ్చింది!" అని అరుస్తారు. వచ్చింది నిజమే. ఆ బల్బు ఒక మిల్లీ ఆంపియర్ కూడా తాగదు. సన్న గొట్టంలో నీళ్లు ఎత్తుకు చిమ్మినంత మాత్రాన మడి తడవదు కదా.

4. చార్జి చేయడం

ముందు రెండు కెపాసిటర్లనూ సర్క్యూట్ నుంచి తీసి, ఒక్కోదాన్ని 10 ఓమ్‌ల సిమెంటు రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. 2వదాన్ని ఖాళీగానే ఉంచి తిరిగి దాని చోట గుచ్చండి.

తర్వాత రెండు పెన్సిల్ సెల్లులను వరుసగా పెట్టి, అదే సిమెంటు రెసిస్టర్ గుండా 1వ దానికి ఇవ్వండి. మీటరు మీద కన్నేసి ఉంచండి. మూడు నిమిషాల ప్రాంతంలో 2.5 దాటుతుంది, అప్పుడు తీసేయండి. టీ కోసం లేచి వెళ్లొద్దు, కొత్త సెల్లులు రెండు కలిస్తే 3 వోల్టుల పైనే.

పది నిమిషాలు ముట్టుకోకండి. కొద్దిగా దిగి ఒకచోట నిలబడుతుంది. ఆ అంకె మీ మొదటి రీడింగు. తొందరపడి చార్జి అయిన వెంటనే రాసుకుంటే దిగాల్సిన ఆ కొంచెం మీ లెక్కలోకి చేరి తప్పు చూపిస్తుంది.

5. నడపడం

1వ కెపాసిటర్ సర్క్యూట్లోకి. మీటరు దాని మీదే పెట్టి, 20 వోల్టుల డీసీ రేంజిలో ఉంచండి. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. 0.85 దగ్గరికి దిగగానే ప్లస్సు తీగ పీకేయండి. నాకు నాలుగు నిమిషాలు పట్టింది, మీ కాయిల్‌ను బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఐదు నిమిషాలు ఆగి రెండు కెపాసిటర్లనూ కొలవండి. 0.85 దగ్గర వదిలింది 0.90కి లేచి ఉంటుంది. బ్యాటరీ గురించి పైన చెప్పిన ఊపిరి తీసుకోవడం ఇక్కడా ఉంది, కాకపోతే చాలా తక్కువ. ఏ రీడింగైనా విశ్రాంతి ఇచ్చాకే తీసుకుంటే అది మనల్ని మోసం చేయదు.

కరెంటు కొలవాలని మీటరును ఆంపియర్ రేంజిలో పెట్టి మధ్యలో దూర్చకండి. ఈ సర్క్యూట్ సెకనుకు వేలసార్లు ఆగి నడుస్తుంది. మన మామూలు మీటరు ఏసీ రేంజి ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు కోసం చేసింది, ఈ గిచ్చుడు కరెంటును అది ఎట్లా చదువుతుందో దానికే తెలియదు. అవుట్‌పుట్ 130 శాతం, 200 శాతం అని వచ్చే లెక్కల్లో చాలా భాగం ఇట్లా వోల్టులనూ ఆంపియర్లనూ ఏసీ రేంజిలో కొలిచి గుణించినవే. మనం కదలకుండా నిలిచి ఉన్న కెపాసిటర్ డీసీ వోల్టేజి తప్ప ఇంకేమీ కొలవం.

6. లెక్క

నా నోటుబుక్కులోది చెబుతాను. మొదట 1వ దాంట్లో 2.50, 2వ దాంట్లో సున్నా. మొత్తం 31.2 జౌళ్లు. నడిచాక 1వ దాంట్లో 0.90, 2వ దాంట్లో 1.75. అంటే 4.1, 15.3. మొత్తం 19.4.

1వ దాంట్లోంచి బయటికెళ్లింది 27.2, 2వ దాంట్లోకి చేరింది 15.3. నూటికి 56. మిగిలినది ట్రాన్సిస్టర్‌లో, డయోడ్‌లో, తీగలో, రింగులో వేడిగా పోయింది. వేలు పెడితే తెలియనంత వేడి, అందుకే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అదే పరీక్ష 1ఎన్ 4007 పెట్టి చేస్తే 2వ దాంట్లోకి 1.40 వోల్టులే చేరాయి. నూటికి 36. ఆ డయోడ్ దగ్గర ఎక్కువ వోల్టేజి పోతుంది, పైగా ఇంత వేగానికి అది సమయానికి మూసుకోదు, వెళ్లిన కరెంటులో కొంత వెనక్కి జారిపోతుంది. ఇన్వర్టర్లు, చార్జర్లు బాగుచేసే కుర్రాళ్లు ఈ ఒక్క పోలిక చేసి చూసినా పెట్టిన డబ్బు గిట్టుబాటే.

కెపాసిటర్ మీద 10 ఫారడ్లని రాసి ఉన్నా లోపల 9 ఉండొచ్చు, 12 ఉండొచ్చు. కాబట్టి ఒకసారి అయ్యాక రెండింటినీ ఖాళీ చేసి, 2వ దాన్ని చార్జి చేసి 1వ దాంట్లోకి పంపండి. రెండు శాతాల సగటు తీసుకోండి. ఒకసారి 70, ఒకసారి 45 వచ్చిందంటే మీ కెపాసిటర్లు సమానంగా లేవని అర్థం, సర్క్యూట్ మహిమ కాదు.

7. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు

బ్యాటరీల వీడియోల్లో అందరూ చేసేది ఇదే: ఒకటి దిగిపోగానే రెండోదాన్ని దాని చోట పెట్టి మళ్లీ నడపడం. మనమూ చేద్దాం, మధ్యలో ఎక్కడా చార్జి చేయకుండా. ప్రతి మార్పు తర్వాతా రెండింటి మొత్తం రాయండి.

నాది ఇట్లా నడిచింది. మొదలు 31.2. మొదటి విడత తర్వాత 19.4. కెపాసిటర్లు మార్చి నడిపాక 0.90, 1.44 వోల్టులు, మొత్తం 14.4. మళ్లీ మార్చాక 0.90, 1.23, మొత్తం 11.6. ఆ తర్వాత అటూ ఇటూ తిప్పుతుంటే కొన్ని సెకన్లకే 0.9కి దిగిపోయింది, ఇక ఆపేశాను.

ఒక్కో కెపాసిటర్‌ను విడిగా చూస్తే ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతూ ఉంటుంది, మనసు ఎక్కేదాని వైపే పోతుంది. మొత్తం రాసినప్పుడే సంగతి బయటపడుతుంది. తనకు తానే నడిచే సర్క్యూట్ అయితే ఆ మొత్తం తగ్గకూడదు. దానికి ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు.

8. లూపు మూయడం

చాలామందికి అసలు మోజు దీని మీదే: అవుట్‌పుట్‌ను తెచ్చి ఇన్‌పుట్‌కే కలపడం. మొదటిసారి చేసేవాళ్లు కలెక్టర్ నుంచి ఒక డయోడ్ నేరుగా ప్లస్సుకు కలిపి "తిరిగి పంపిస్తున్నాను" అనుకుంటారు. అలా ఏదీ కెపాసిటర్‌కు చేరదు. కాయిల్లోని కరెంటు ఆ డయోడ్ గుండా కాయిల్లోనే తిరిగి తిరిగి అక్కడే ఆరిపోతుంది.

సరిగ్గా చేయాలంటే రింగు మీద మూడో చుట్ట కావాలి. ఇంకో తీగతో మొదటి రెండింటికి వేసినన్నే చుట్లు వేయండి. దిక్కు కనుక్కోవడానికి, పెన్సిల్ సెల్లుతో నడుపుతూ, ఈ మూడో చుట్ట కొసలకు ఎల్‌ఈడీ పెట్టి చూడండి. ఒక దిక్కున వెలుగుతుంది, తిప్పితే వెలగదు. వెలిగినప్పుడు పొడవు కాలు ఏ కొసకు ఉందో దానికి డయోడ్ పెట్టి, గీత ఉన్న వైపు 1వ కెపాసిటర్ ప్లస్సుకు కలపండి. రెండో కొస మైనస్సుకు. 2వ కెపాసిటర్, దాని డయోడ్ ఇప్పుడు ఉండకూడదు.

ఇప్పుడు రెండుసార్లు సమయం చూడండి. మొదట మూడో చుట్టకు ఎల్‌ఈడీ మాత్రమే పెట్టి, 2.50 నుంచి 0.90కి ఎంతసేపు. తర్వాత ఎల్‌ఈడీ తీసేసి, వెనక్కి పంపే డయోడ్ పెట్టి ఎంతసేపు. రెండోసారి ఎక్కువసేపు నడుస్తుంది. ఇక్కడే గుండె కొట్టుకుంటుంది. నాకూ కొట్టుకుంది, మా ఆవిడను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను. ఆమె చూసి, "లైటు తీసేశావు కదా, మరి ఎక్కువసేపే వస్తుంది" అని వెళ్లిపోయింది. ఎల్‌ఈడీకి పోయే వాటా ఇప్పుడు వెనక్కి వస్తోంది, దారిలో కొంత పోగొట్టుకుని. చూడాల్సింది ఎంతసేపు నడిచిందని కాదు, వోల్టేజి దిగడం ఆగిందా అని. ఆగదు. ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలిగించకుండానే 0.90కి వచ్చేస్తుంది.

ఏ పనీ చేయకుండా కెపాసిటర్ తనంతట తాను ఎంత దిగుతుందో కూడా ఒకసారి చూసి పెట్టుకోండి. చార్జి చేసి, ఏమీ తగిలించకుండా అంతే సమయం వదిలేస్తే చాలు. ఆ తరుగుదల ఎంత తక్కువో చూశాక, మిగతాదంతా సర్క్యూట్ తిన్నదేనని మీకే అర్థమవుతుంది.

మనమొక్కరమే కాదు ఈ దారిలో నడిచింది. 12వ శతాబ్దంలోనే భాస్కరాచార్యుడు పాదరసం నింపిన ఆకులతో (చక్రం చువ్వలతో) ఆగకుండా తిరిగే చక్రాన్ని వర్ణించాడు. 1775లో ప్యారిస్ సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలు ఇక చూడబోమని తేల్చేసింది. 2006లో స్టియోర్న్ అనే ఐర్లండు కంపెనీ అయస్కాంతాలతో ఉచిత శక్తి అని ప్రకటించి, పరీక్షించమని శాస్త్రవేత్తలను పిలిచింది. 2009లో ఆ 22 మంది బృందం, శక్తి పుడుతున్నట్టు కంపెనీ చూపించలేకపోయిందని ఏకగ్రీవంగా చెప్పింది. మనకు దగ్గర్లో తమిళనాడులో 1996లో, నీళ్లలో మూలికలు వేసి పెట్రోలు చేస్తానన్న మూలికా పెట్రోలు హడావుడి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో 2016లో చెన్నై కోర్టు జైలు శిక్ష వేసింది.

9. కిట్లు కొనేవాళ్లకు

నేనూ కొన్నాను. ఆన్‌లైన్లో 4,800 రూపాయలకు, చెక్క పలక మీద బిగించిన రాగి కాయిలు, అయస్కాంతాల చక్రం, మూడు ఎల్‌ఈడీలు. చేత్తో ఒకసారి తిప్పితే తిరుగుతూనే ఉంది. ఒక రాత్రంతా తిరిగింది. నాలుగో రోజు ఆగింది. కాయిల్ కింద నల్లటి ఎపాక్సీ ముద్ద ఉంది. బ్లేడుతో గీరుతూ పోతే, వేలి గోరంత మందాన, వెండి రంగు కాగితం చుట్టిన లిథియం సెల్లు బయటపడింది. దాని రెండు తీగలూ పలకలో వేసిన గాడిలోంచి కాయిల్ కిందికి పోయాయి.

కొనే ముందు మూడు విషయాలు అడగండి. అమ్మేవాడు పలకను పట్టుకుని గాల్లోకి ఎత్తి చూపిస్తాడా? జిగురు ముద్దలు లేకుండా ప్రతి తీగా కనిపిస్తుందా? కెపాసిటర్ ఒక్కదానితో, బ్యాటరీ ఏదీ లేకుండా, ఒక గంట లోడుతో నడిపి చివర్లో వోల్టేజి చూపిస్తాడా? మూడోది అడగ్గానే మాట మారుస్తారు.

బోరుకు కరెంటు కావాలన్నదే మీ అసలు బాధ అయితే, ఆ డబ్బు సోలార్ ప్యానెల్ వైపు పెట్టండి. మన ఎండను చూసి కూడా ఇంకో దారి వెతకడం నాకు అర్థం కాదు. పాకాల ఆయనకూ అదే చెప్పాను, ఆయన వీడియోను డిలీట్ చేయలేదు గానీ ప్యానెళ్ల ధర అడిగి వెళ్లారు.

10. మీ లెక్క 100 దాటితే

దాటినప్పుడు సంబరపడకుండా, ఈ వరుసలో చూసుకోండి. 2వ కెపాసిటర్ నిజంగా ఖాళీ చేసి మొదలుపెట్టారా? ఖాళీ చేసిన కెపాసిటర్ కూడా అరగంట వదిలేస్తే కాస్త వోల్టేజి తిరిగి తెచ్చుకుంటుంది, మొదలుపెట్టే ముందు దాన్నీ కొలిచి లెక్కలో వేయాలి. కెపాసిటర్లు అటుదిటు మార్చి రెండోసారి చేశారా? సర్క్యూట్ మైనస్సు ఏ చార్జరుకో, యూఎస్‌బీ తీగకో, ల్యాప్‌టాపుకో తగిలి ఉందా? సోల్డరింగ్ ఐరన్ ఇంకా బోర్డుకు ఆనుకుని ఉందా? అన్నీ సరిపోతే, ఇంకో ఇంట్లో, ఇంకొకరి మీటరుతో మళ్లీ చేయండి.

పోయిన వేసవిలో ఒక పాలిటెక్నిక్ కుర్రాడు 118 శాతం తెచ్చాడు. కాయిల్ అందంగా చుట్టాడు, రీడింగులు పట్టికలో నీటుగా రాశాడు, మొహం వెలిగిపోతోంది. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చేశాం, వాడి మీటరుతో వాడికి మళ్లీ 110 పైనే వచ్చింది. నా మీటరు పెడితే 54. వాడి మీటరు వెనక మూత విప్పి, లోపలి 9 వోల్టుల బ్యాటరీని నా మీటరుతో కొలిచాను. 6.1 ఉంది. చవక మీటర్లలో బ్యాటరీ దిగిపోయే కొద్దీ అంకెలు పైకి పోతాయి. ప్రయోగం నడిచే కొద్దీ అది ఇంకా దిగింది, అందుకే చివర్లో తీసుకున్న రీడింగులు ఎక్కువ వచ్చాయి. పక్క కొట్టులో కొత్త బ్యాటరీ తెచ్చి వేసుకున్నాడు. 55 వచ్చింది. పట్టికలో 118ని కొట్టేయకుండా, పక్కనే "మీటరు బ్యాటరీ" అని రాసి, కింద 55 వేసుకుని వెళ్లాడు.